టార్చి మీద బొటనవేలు

మా ఆయన రొయ్యల మందుల వాళ్ళ మాట ఏనాడూ నమ్మలేదు. మొగల్తూరు దగ్గర మాకు రెండు చెరువులుండేవి. పంట వేశామని తెలిస్తే చాలు, బండికి డబ్బాలు కట్టుకుని వాళ్ళు గట్టు మీదికి వచ్చేసేవారు. ఇది చల్లితే వైరస్ రాదండి, ఇది మేతలో కలిపితే తూకం బాగా వస్తుందండి అనేవారు. ఆయన అంతా విని, మజ్జిగ ఇప్పించి, వాళ్ళు వెళ్ళాక నీళ్ళలోంచి చెక్ ట్రే పైకి లాగేవారు. చెక్ ట్రే అంటే వల కట్టిన పళ్ళెం లాంటిది. అందులో కాస్త మేత వేసి చెరువులోకి దించుతారు. కాసేపాగి తీసి చూస్తే రొయ్య మేత తింటోందో లేదో, ఒంట్లో బాగుందో లేదో తెలిసిపోతుంది. "వాడు చెప్పేది వాడి మందు గురించి. ఇది చెప్పేది నా రొయ్య గురించి" అనేవారు ఆయన.

అటువంటి మనిషి ఒక సీడీ చూసి నమ్మేశారు.

మా పాపకి పుట్టుకతోనే చూపు లేదు. కళ్ళు పెద్దవి, చక్కనివి. చూసినవాళ్ళెవరూ చెప్తేగాని నమ్మేవారు కాదు. కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరం సరిగా ఎదగలేదని రాజమండ్రిలో చెప్పారు, హైదరాబాదులో చెప్పారు, మద్రాసులోనూ అదే చెప్పారు. మద్రాసు డాక్టరు గారు పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దీనికి మందు లేదమ్మా, పిల్లని మాత్రం బాగా పెంచండి అన్నారు. ఆ మాట అంత నెమ్మదిగా చెప్పినందుకు ఇప్పటికీ రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకుంటాను.

పాపకి నాలుగో ఏడు నడుస్తుండగా భీమవరంలో ఉన్న మా ఆడపడుచు ఆ సీడీ పంపింది. విజయవాడలో ఒక ఆఫీసు వాళ్ళు ఇలాంటి పిల్లల్ని చైనా తీసుకెళ్తున్నారట. అక్కడ పసిపిల్లల బొడ్డుతాడు రక్తంలోంచి ఏవో కణాలు తీసి, వీళ్ళ వెన్నులోకి ఎక్కిస్తారట. దాన్ని స్టెమ్ సెల్స్ అంటారని అప్పుడే విన్నాను. సీడీలో ఒక పాప ఉంది. తెల్లకోటు వేసుకున్న చెయ్యి ఆ పాప మొహం పక్కన టార్చి వేస్తే పాప అటు తిరిగి నవ్వుతుంది. మాటలేమీ లేవు. మొదట్నుంచి చివరిదాకా వెనక వేణువు వినిపిస్తుంది.

"ఏవండీ, ఆ పాప ముందు ఎలా ఉండేదో చూపించలేదేంటండి?" అన్నాను.

"చూపించారు కదే, మొదట్లో."

"అది నిద్రపోతుంటే తీసిందండి."

"నీకు ప్రతిదీ అనుమానమే. గుళ్ళో తీర్థం ఇస్తే అడుగుతావా, ఇందులో ఏం కలిపారని?"

"ఆ తీర్థం వెన్నులో పొడవరు కదండి."

మా అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ మా ఇద్దరి మాటలూ వింటున్నారు. "అమ్మాయ్, నమ్మకం లేకపోతే ఏ మందూ ఒంటికి పట్టదు. వెళ్ళేదేదో నీ అనుమానం ఇక్కడ వదిలేసి వెళ్ళు" అన్నారు. ఆవిడ కోపంతో అన్నది కాదు. అందుకే ఆ మాట నాతో విమానం ఎక్కింది.

నేను బడికి వెళ్ళిన దాన్ని కాను. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, కూడబలుక్కోగలిగినంత ఇంగ్లీషు నేర్పారు. ఏ కాగితమైనా చేతికొస్తే అడుగు నుంచి చదవమనేవారు. చెప్పడం ఇష్టం లేనిదంతా అక్కడ రాస్తారమ్మా అనేవారు. విజయవాడ ఆఫీసు వాళ్ళు ఇచ్చిన కాగితాలు అలాగే చదివాను. అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో, ఇది ఇంకా పరీక్షల్లో ఉన్న వైద్యమనీ, గుణం కనబడినా కనబడకపోయినా ఆసుపత్రికి పూచీ లేదనీ ఉంది. నిఘంటువు దగ్గర పెట్టుకుని ఒక్కొక్క మాటే చూసుకుని ఆయనకి చదివి వినిపించాను. ఆయన విని, పెన్ను అడిగి సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. ఒక చెరువు అప్పటికే అమ్మేశారు.

పాస్‌పోర్టు ఫొటో కోసం నర్సాపురంలో స్టూడియోకి తీసుకెళ్ళాం. ఫొటోగ్రాఫరు "పాపా, ఇటు చూడమ్మా" అని చిటిక వేశాడు. పాప చక్కగా అటే చూసింది. "బలే చూస్తోందండి మీ పాప" అన్నాడు. అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. మేమెవరమూ అతనికి ఏమీ చెప్పలేదు.

చైనాలో మమ్మల్ని దించిన ఆసుపత్రిలో ఒక అంతస్తు అంతా బయటి దేశాల వాళ్ళదే. గది శుభ్రంగా ఉంది, వేడిగా ఉంది. కిటికీలోంచి చూస్తే ఆకులు లేని చెట్లు. తలుపు మీద రాసినదీ, మందు మీద రాసినదీ, అన్నం ప్యాకెట్టు మీద రాసినదీ ఒక్క అక్షరం తెలియదు. మా నాన్నగారు నేర్పిన చదువు ఆ గది గుమ్మంలోనే ఆగిపోయింది. ఎదుటివాళ్ళ మొహం చదవడం ఒక్కటే మిగిలింది. డాక్టరు గారు రెండు ముక్కలు చెప్తే దుబాసీ అమ్మాయి ఇంగ్లీషులో అరపేజీ చెప్పేది. ఆయన అరపేజీ చెప్పినప్పుడు ఆ అమ్మాయి "ఏం ఫరవాలేదంటున్నారు" అని ఊరుకునేది. ఇదంతా మా ఆయన నాకు తెలుగులో చెప్పేవారు. మధ్యలో ఎంత రాలిపోయిందో ఎవరికి తెలుసు.

ఇంజక్షన్లు నాలుగు. వారానికొకటి. ఒక చిన్న సీసాలో నీళ్ళలాంటిది తెచ్చేవారు. రంగు లేదు, వాసన లేదు. పాపని పక్కకి తిప్పి, మోకాళ్ళు గుండెలకి ఆనించి, ఇద్దరు నర్సులు వంచి పట్టుకునేవారు. తరువాత ఆరు గంటలు కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి. నాలుగేళ్ళ పిల్లని ఆరు గంటలు కదలకుండా ఉంచడం ఎలాగో నేనే చేశాను కాబట్టి చెప్పగలను. తెలిసిన పాటలన్నీ పాడాను. మా ఊళ్ళో ఇళ్ళన్నీ వరసగా చెప్పించాను, ఎవరింటి తలుపు ఎలా కిర్రుమంటుందో పాపకి బాగా తెలుసు.

రామకోటి రాసుకునే పుస్తకం నాతో తీసుకెళ్ళాను. మొదటి ఇంజక్షను నాడు సీసా మీద రాసి ఉన్న అక్షరాల్ని ఆ పుస్తకం వెనక అట్ట మీద, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, గీతకి గీత దించాను. రెండో వారం మళ్ళీ దించాను. సరిపోయింది. మూడో వారం కింది వరస తేడాగా ఉంది. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి దుబాసీ అమ్మాయికి చూపించాను. ఆ అమ్మాయి నా గీతలు చూసి నవ్వాపుకుంది.

"ఇది తేదీ అంటోందే" అన్నారు మా ఆయన. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గదిలోకి వచ్చాక, "రాముడి పేరు రాసే పుస్తకంలో దొంగల్ని పట్టుకుంటున్నావా?" అన్నారు.

సిగ్గేసింది. రెండు రోజులు ఎవరి మీదా అనుమానపడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి ఒకావిడ సాయపడింది. గదులు తుడిచే పెద్దావిడ. మా భాష ఆవిడకి రాదు, ఆవిడ భాష మాకు రాదు. రోజూ పని అయ్యాక చేతులు కడుక్కుని, కమలాపండు ఒలిచి, ఒక్కొక్క తొనా పాప అరచేతిలో పెడుతూ వాళ్ళ భాషలో లెక్కపెట్టేది. పాప వారంలో ఐదు దాకా నేర్చేసుకుంది. ఆ మహాతల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆ ఆసుపత్రిలో నాకు అనుమానం రానిది ఆవిడ ఒక్కతే.

ఇంట్లో అయితే రోజూ సాయంత్రం పాపకి హారతి ఇచ్చేవాళ్ళం. గంట వాయించి, కర్పూరం వెలిగించి, అత్తయ్యగారు పళ్ళెం పట్టుకొస్తే పాప రెండు చేతులూ సరిగ్గా మంట మీదికి చాపి కళ్ళకద్దుకునేది. "మా పిల్లకి హారతి కనబడుతుంది" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. గంట ఎటునుంచి వస్తోందో, కర్పూరం వాసన ఎటునుంచి వస్తోందో, సెగ ఎక్కడ తగులుతోందో పాపకి తెలుసునని నాకు తెలుసు. ఆవిడ సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక ఎప్పుడూ అనలేదు. ఆసుపత్రిలో అగ్గిపుల్ల గీయనివ్వరు. కళ్ళు మూసుకుని మనసులోనే హారతి ఇచ్చుకునేదాన్ని.

మూడో ఇంజక్షను అయిన నాలుగో రోజు పొద్దున డాక్టరు గారు వచ్చి, తెర లాగి, పాప కుడిచెవి పక్కగా టార్చి వేశారు. పాప గబుక్కున అటు తిరిగింది. ఎడమవైపు వేశారు. ఇటు తిరిగింది. దుబాసీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. డాక్టరు గారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. మా ఆయన గోడ వైపు తిరిగి, కండువాతో మొహం కప్పుకుని ఏడ్చేశారు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

నేను ఏడవలేదు. నాకు ఆ టార్చి చప్పుడు వినబడింది.

ఆయన భోజనం తేవడానికి కిందికి వెళ్ళాక, ఇంటి నుంచి తెచ్చుకున్న మా టార్చి తీశాను. కరెంటు పోతే ఎలాగని పెట్లో పెట్టుకున్నది. తెరలు మూసి, పాప వెనక నిలబడి, అద్దం మీద బొటనవేలు గట్టిగా అదిమిపెట్టి మీట నొక్కాను. వెలుగు బయటికి రాలేదు. టిక్కుమని చప్పుడు మాత్రం వచ్చింది. పాప అటు తిరిగింది. ఇంకోవైపు నొక్కాను. ఇటు తిరిగింది. తరువాత స్నానాలగదిలో తలుపు వేసుకుని టార్చి వెలిగించి, చెంగులో దాచుకుని వచ్చి, చప్పుడు కాకుండా పాప కళ్ళ ముందుకి తెచ్చాను. వెలుగంతా మొహం మీద పడింది. పాప దుప్పటి అంచు నలుపుకుంటూ కూర్చుంది. మూడుసార్లు చేశాను.

"అమ్మా, టిక్కు టిక్కు మంటోంది, ఏంటది? డాక్టరు గారిదా?" అంది పాప.

అప్పుడు తట్టింది, సీడీలో మాటలు తీసేసి వేణువు ఎందుకు పెట్టారో. అది నిజమో, నా అనుమానమో ఈనాటికీ చెప్పలేను.

ఆయన రాగానే చెప్పాను. అన్నం ప్యాకెట్లు బల్ల మీద పెట్టి నిలబడే విన్నారు.

"మీరూ ఒకసారి చెయ్యండి" అని టార్చి ఇచ్చాను.

"వద్దు."

"చెరువుకైతే మీరు చెక్ ట్రే తియ్యకుండా ఒక్క డబ్బా కొనరు కదండి. ఇదీ అంతే అనుకోండి."

"నేను చూడనే" అన్నారు. అన్నం ప్యాకెట్టు విప్పుతూ, "ఇంకొక్కటే కదా. అది కూడా అయిపోనీ" అన్నారు.

మర్నాడు డాక్టరు గారికే చేసి చూపించాను, నా బొటనవేలితో సహా. ఆయన చిరాకుపడలేదు. తల ఊపి, చూసి, ఏదో చెప్పారు. గుణం కనబడటానికి ఆరు నెలలు పట్టవచ్చునట. అయితే నిన్న కాగితం మీద ఏం రాసుకున్నారో అడగమన్నాను. దుబాసీ అమ్మాయి అడిగిందో లేదో తెలియదు. జవాబు మాత్రం రాలేదు.

నాలుగోది వద్దని నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆ వెనకే అత్తయ్యగారి మాట వచ్చింది. మందు పట్టకపోవడానికి కారణం నా అనుమానమేనేమో. దేవుడు ఇస్తున్నదాన్ని అడ్డుపడి తిప్పి పంపుతున్నానేమో. ఒప్పుకున్నాను. ఆ ఇంజక్షను తరువాత పాపకి మూడు రోజులు జ్వరం కాసింది. ఒళ్ళు పెనంలా కాలింది. మెడ తిప్పితే ఏడ్చేది. ఆ మూడు రోజులూ చూపు సంగతి దేవుణ్ణి అడగలేదు. నా పిల్లని ఎలా తెచ్చానో అలా ఇంటికి పంపించు స్వామీ అన్నాను. నాలుగో రోజు చెమట పట్టి జ్వరం దిగింది.

బయలుదేరే రోజున విజయవాడ ఆఫీసు తరఫు మనిషి కెమెరా పట్టుకొచ్చాడు. మంచి మాటకారి. ముందు మా ఆయన చేత ఊరి పేరు చెప్పించి, నా వైపు తిరిగాడు. "ఒక్క ముక్క చెప్పండమ్మా, మీ మనసులో ఉన్నదే చెప్పండి. పాప చూపు ఎలా ఉందమ్మా?" అన్నాడు. డాక్టరు గారు, నర్సులు, దుబాసీ అమ్మాయి అందరూ వరసగా నిలబడి నా మొహంలోకే చూస్తున్నారు. తుడిచే పెద్దావిడ కూడా గుమ్మంలో నిలబడి ఉంది. మా వైపు ఎవరింట్లో భోంచేసినా, కూర మాడినా, చెయ్యి కడుక్కుంటూ చాలా బాగుందండి అనే లేస్తాం. ఎవరైనా మన కోసం చెయ్యి కదిపితే ఆ మాట చెప్పకుండా గుమ్మం దాటం. పుట్టిన దగ్గర్నుంచి అలవాటైన నోరు. నేను దణ్ణం పెట్టి, "మీ అందరి దయ వల్ల పాప చూపు బాగుందండి. దేవుళ్ళలా ఆదుకున్నారు" అన్నాను.

అబద్ధమని తెలిసే అన్నాను. మర్యాదలో అది అబద్ధంలా అనిపించలేదు.

ఆరు నెలలూ ఆగాం. ప్రతి ఏకాదశికీ బొటనవేలు పెట్టి టార్చి నొక్కేదాన్ని, చెంగులోంచి వెలుగు తీసి చూపించేదాన్ని. ప్రతిసారీ అదే జవాబు. మా ఆయన ఆ వేళకి చెరువు మీదికి వెళ్ళిపోయేవారు. ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం.

ఒకరోజు పొద్దున్నే సామర్లకోట నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ చంకలో రెండేళ్ళ పిల్లవాడు. కళ్ళు నిలవకుండా అటూ ఇటూ కదులుతున్నాయి. అడ్రసు ఆఫీసు వాళ్ళు ఇవ్వలేదట. ఆ రోజు కెమెరాతో తీసిన కొత్త సీడీలో మా ఆయన మొగల్తూరు పేరు చెప్పారట, అది పట్టుకుని అడుగుతూ వచ్చారు. అత్తయ్యగారు కాఫీ ఇచ్చారు. వచ్చినావిడ గ్లాసు ముట్టుకోకుండా నా వైపే చూస్తోంది.

"పిన్నిగారూ, మీరు సీడీలో చెప్పారు కదండి. బొట్టు పెట్టుకుని, దణ్ణం పెట్టి చెప్పారు. ఆఫీసాయన మాట నేను నమ్మలేదండి. మిమ్మల్ని చూసి నమ్మాను" అంది. "వచ్చే నెల బయలుదేరుతున్నాం. పాపకి ఏ మాత్రం కనబడుతోందో ఒకసారి కళ్ళారా చూసి వెళ్దామని."

పాప అరుగు మీద చింతగింజలతో ఆడుకుంటూ చైనా భాషలో ఐదు దాకా లెక్కపెట్టుకుంటోంది. బాగుందండి అనే మాట నాలుక మీదికి దానంతట అదే వస్తోంది. పళ్ళు బిగపట్టుకుని ఆపాను.

"టార్చి తీసుకురావే" అన్నారు మా ఆయన.

ఆయన చెరువుకి వెళ్ళలేదని అప్పటిదాకా గమనించలేదు. తెచ్చిచ్చాను. పాపని లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తలుపులు దగ్గరికి వేసి, ఆయన పక్కన కూర్చుని మీట నొక్కారు. పాప వెలుగు వైపు తిరిగి నవ్వింది. ఆవిడ "అమ్మయ్యా" అని చేతులు జోడించింది.

"ఉండమ్మా" అన్నారు ఆయన. అద్దం మీద బొటనవేలు పెట్టి, అది ఆవిడకి కనబడేలా ఎత్తి చూపించి, నొక్కారు. పాప అలాగే తిరిగింది, అలాగే నవ్వింది. తరువాత టార్చి వెలిగించి, పాప ఆ చప్పుడు మరిచిపోయేదాకా ఆగి, మెల్లగా పాప కళ్ళకి ఎదురుగా పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు. పాప చేతిలో చింతగింజలు లెక్కపెట్టుకుంటూనే ఉంది.

ఆవిడ చెయ్యి చాపింది. ఆయన టార్చి ఇచ్చారు. ఆవిడ తన పిల్లవాడి దగ్గర కూర్చుని, బొటనవేలు పెట్టి నొక్కింది. వాడు తిరిగాడు.

"అయితే వెళ్ళొద్దంటారా అండి?" అన్నాడు ఆవిడ భర్త.

"వెళ్ళొద్దని చెప్పేటంత నాకు తెలియదు బాబూ. మీ వాడికి పనిచేస్తుందేమో, అదీ తెలియదు. సీడీలో నేను చెప్పింది మాత్రం నిజం కాదు. మర్యాదకి అన్నాను. నన్ను చూసి వెళ్ళకండి. మా పాపకి మూడు రోజులు జ్వరం వచ్చింది, అది కూడా తెలుసుకోండి" అన్నాను. ఆ కాగితాలు మా దగ్గరే ఉన్నాయి. అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివి వినిపించాను. ఆవిడ అప్పుడు కాఫీ తాగింది, చల్లారిపోయినదే. వెళ్ళేటప్పుడు నాకు దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపేశాను.

వాళ్ళు వెళ్ళారో మానేశారో మాకు తెలియలేదు. నా మాట ఆ సీడీలోంచి తీసెయ్యమని ఆఫీసుకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకా ఎవరెవరి ఇళ్ళలో నేను దణ్ణం పెట్టి ఆ మాట చెప్తూనే ఉన్నానో అని చాలాకాలం ఎవరైనా కొత్తవాళ్ళు గుమ్మంలో నిలబడితే ఉలిక్కిపడేదాన్ని.

ఆ రోజు తలుపు సందులోంచి అత్తయ్యగారు అంతా చూశారని నాకు అప్పుడు తెలియదు. సాయంత్రం హారతి వేళకి పాపని పిలిచి, గంట తీసుకెళ్ళి పాప చేతిలో పెట్టారు. "నువ్వు వాయించమ్మా" అన్నారు. పాప ఆగకుండా వాయించింది. ఆ చప్పుడులో పళ్ళెం ఎటునుంచి వచ్చిందో పాపకి తెలియలేదు. అత్తయ్యగారు ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని, రెండో చేత్తో మనవరాలి చెయ్యి అందుకుని మంట మీదికి తీసుకెళ్ళి, తానే కళ్ళకద్దారు.